తలుపు తాళం

కరెంటాయన ఉతుకుడు యంత్రం స్విచ్ కిందికి దించి, దాని పిడికి ఇత్తడి తాళం వేసి, తాళంచెవిని చొక్కా జేబులో వేసుకున్నాడు. జేబు రెండుసార్లు తడుముకున్నాక గానీ యంత్రంలో చెయ్యి పెట్టలేదు. దుప్పట్లుతికే ఆ లాండ్రీలో ఇరవై ఏళ్లుగా ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు.

ఆ తాళం కంపెనీది కాదు, ఆయన ఇంటిది. ఏడేళ్ల కిందట బావమరిది ఇదే యంత్రంలో వైరు సరిచేస్తుండగా, సంగతి తెలియని ఎవరో స్విచ్ వేశారు. క్షణంలో అంతా అయిపోయింది. కరెంటాయన మళ్లీ పనికి బయలుదేరిన రోజున భార్య తలుపు తాళం తీసి చేతిలో పెట్టింది.

"దొంగలు ఎత్తుకుపోవడానికి మనింట్లో ఏముందిలే. మీరు తిరిగొస్తే చాలు."

అప్పటినుంచి ఆ ఇంటికి గొళ్లెమే దిక్కు.

మధ్యాహ్నం మేనేజరు రిజిస్టరు పట్టుకుని వచ్చాడు. కరెంటు ప్రమాదాల గురించి పనివాళ్లందరికీ యజమాని శిక్షణ ఇప్పించాలని చట్టం. రేపు తనిఖీ. నేల కడిగే ఆమె వేలిముద్రతో సహా అందరి సంతకాలూ పడ్డాయి. శిక్షణ ఒక్కటే జరగలేదు.

"నేర్పినవాడి చోట నీ సంతకం గీకెయ్."

"ఒక్క గంట మిషన్లు ఆపించండి సార్. నిజంగానే నేర్పి పెడతాను."

"వచ్చే నెల చూద్దాంలే."

"పోయినేడు కూడా వచ్చే నెలే అన్నారు సార్."

మేనేజరు ముఖంలో నవ్వు పోయింది. "పెట్టకపోతే రేపట్నుంచి రానక్కర్లేదు."

ఈ వయసులో తనను పనికి పిలిచేదెవరు? కరెంటాయన కలం తీసుకున్నాడు. ఏడేళ్ల కిందటి రిజిస్టరులో బావమరిది సంతకం ఉంది. నేర్పినవాడి చోట తన సంతకమే ఉంది. అప్పుడూ ఎవరికీ ఏమీ నేర్పలేదు. విచారణలో ఆ కాగితం చూసే, చెప్పినా వినలేదు కాబట్టి తప్పు చచ్చినవాడిదేనని తేల్చారు. ఆ సంగతి భార్యకు ఇంతవరకూ చెప్పలేదు. చెప్పే ధైర్యం రాలేదు.

సంతకం చెయ్యకుండానే కలం రిజిస్టరు మీద పెట్టేశాడు.

వెళ్లేముందు నేల కడిగే ఆమెను స్విచ్ దగ్గరకు పిలిచాడు. యంత్రాల్లో చిక్కిన దుప్పటి పీచు తీసేదీ ఆమే. "లోపల చెయ్యి పెట్టేముందు ఇది దించు, తాళం వెయ్యి. చెవి నీ దగ్గరే ఉండాలి. దేవుడొచ్చి అడిగినా ఇవ్వకు." ఆమె చేత మూడుసార్లు చేయించి చూసి, తాళం, చెవి రెండూ ఆమె దగ్గరే వదిలాడు.

"మరి మీ ఇంటికి తాళం అన్నా?"

"ఇకనుంచి ఇంట్లోనే ఉంటానుగా."

సాయంత్రం భార్యకు రెండు సంగతులు చెప్పాలి. ఉద్యోగం పోయిందని చెప్పడం తేలిక. రెండోది, ఆ పాత సంతకం సంగతి, ఏ మాటతో మొదలుపెట్టాలో చూసుకుంటూ నడిచాడు. గేటు దాటబోతుండగా వెనక ఒక యంత్రం హోరు ఆగింది.

"ఎవరు ఆపింది? ఆ తాళం తియ్!" మేనేజరు అరుస్తున్నాడు.

కరెంటాయన తిరిగి చూశాడు. తెరిచిన షట్టరులోంచి ఆమె కనిపించింది. మోచేతి దాకా చెయ్యి యంత్రంలో పెట్టి పీచు తీస్తోంది, తల కూడా తిప్పలేదు. పక్కన గోడమీద, దించిన స్విచ్ పిడికి, ఏడేళ్లు ఆయన చేతిలో అరిగి నునుపెక్కిన ఇత్తడి తాళం వేలాడుతోంది.