అర్థమైందా అనకూడని మాస్టారు

నరసరావుపేటలో ఒక పురుగుమందుల కొట్టు పైన మా శిక్షణ గది. చదువు మధ్యలో ఆగిపోయినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో ట్యూటర్‌ను ఇచ్చి, పక్కన కూర్చోబెట్టి చెప్పించే ఏర్పాటు మాది. ఆ ట్యూటర్లకు ఎలా చెప్పాలో, ఎలా వినాలో నేర్పేది నేను. నాకు ఓపిక తక్కువ. అయినా నన్నే పెట్టారు.

ఆ నెల లెక్కలకు దొరికింది నాగేశ్వరరావు సార్ ఒక్కరే. చుట్టుపక్కల బళ్ళలో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నాకూ మూడేళ్ళు చెప్పారు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు వినగానే లేచి నిలబడ్డాను. శిక్షణ ఇచ్చేది నేను, కూర్చోమన్నది ఆయన.

సార్ కోసం సాబిరా కాచుకుని ఉంది. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తోంది. ఓపెన్ స్కూల్ పదో తరగతిలో లెక్కలు రెండుసార్లు తప్పింది. ఈసారి గట్టెక్కితేనే అక్కడే టీచర్ పోస్టు అడగగలదు. పరీక్ష నలభై రోజుల్లో ఉంది. సార్ మా ట్రయల్, అంటే నమూనా పాఠం, పాసైతేనే ఆమెకు ట్యూటర్. ఎవరికైనా ఛాన్సులు మూడే.

మా దగ్గర అన్నిటికన్నా పెద్ద నియమం, "అర్థమైందా?" అని అడగకూడదు. అడిగితే ఏం జవాబొస్తుందో బడికెళ్ళిన ప్రతివాళ్ళకూ తెలుసు. చెప్పినదాన్ని వాళ్ళ మాటల్లో తిరిగి చెప్పించాలి.

మొదటి ట్రయల్‌లో విద్యార్థిగా నేనే కూర్చున్నాను. సార్ ముందుగా హాజరు వేశారు. గదిలో ఉన్నది నేనొక్కదాన్నే. "ప్రజెంట్ సార్" అన్నాను, సిగ్గు లేకుండా. పక్కన కూర్చోవాల్సిన మనిషి లేచి, బోర్డు కనపడక గోడ మీదే పెన్సిల్‌తో భిన్నాలు మొదలుపెట్టారు. "వెనకోళ్ళకు కనపడతందా?" అన్నారు. వెనక మంచినీళ్ళ క్యాను ఉంది. పది నిమిషాలకు "అర్థమైందా?" అని ఒక్క కేక వేశారు.

"అర్థమైంది సార్!" అని కింద కొట్లోంచి బదులొచ్చింది. మందు డబ్బాలు కొంటున్న రైతులిద్దరూ సార్ పాత శిష్యులే.

"చూశావా, కిందోళ్ళక్కూడా ఎక్కింది" అన్నారు సార్ తృప్తిగా.

"ట్రయల్ పోయింది సార్."

"ఏంది పోయేది? అడక్కుండా ఎట్టా తెలుస్తదమ్మాయ్?"

రెండోసారి కుర్చీలో కూర్చున్నారు, అది మెరుగే. కానీ ప్రతి లెక్క చివరా "అర్..." అని ఆగి దగ్గేవారు. దగ్గీ దగ్గీ కళ్ళనీళ్ళు తిరిగాయి. చివరికి తట్టుకోలేక "తెలిసిందా?" అనేశారు. అదీ పోయింది. నాకు ఒళ్ళు మండింది. సాయంత్రం సాబిరా ఫోన్ చేసి, "సార్ పాసయ్యారా మేడం? నేను దువా చేశా" అంది. ట్యూటర్ పాసవ్వాలని విద్యార్థి మొక్కుకోవడం నా సర్వీసులో అదే మొదలు.

మూడో ట్రయల్‌కు సాబిరానే పిలిచి కూర్చోబెట్టాను. సార్ కుర్చీ దిగలేదు. గొంతు తగ్గించి భిన్నాల భాగహారం చెప్పారు. ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. లెక్క ముగించి సార్ పెన్నుకు మూత పెట్టారు.

"అర్థమైంది సార్" అంది సాబిరా.

"నేనడగలా!" అన్నారు సార్ నావైపు తిరిగి, కంగారుగా. తర్వాత ఆమెను చూసి, "ఏం అర్థమైందో చెప్పమ్మా" అన్నారు.

సాబిరా తల దించుకుంది. "ఏం కాలా సార్. అట్టా అంటే సార్లు ఇంకో లెక్కకి పోతారని అన్నా."

"అందరూ ఇంతేనా?" అని సార్ నన్నడిగారు.

నేను మళ్ళీ లేచి నిలబడ్డాను. "నేనూ అంతే సార్. మూడేళ్ళూ."

ఆయన ముఖం చూడలేకపోయాను. ముప్పై నాలుగేళ్ళు ఆ ఒక్క జవాబును నమ్ముకుని పాఠం చెప్పిన మనిషి. లేచి ఇంటికెళ్ళిపోతారని భయమేసింది. వెళితే సాబిరాకు ఇంకెవరూ లేరు.

సార్ లేవలేదు. కుర్చీ ఆమెకు దగ్గరగా జరుపుకున్నారు.

"ఎక్కణ్ణించి అర్థం కాలేదో చెప్పమ్మా. తిట్టన్లే."

సాబిరా వేళ్ళు మడుస్తూ తరగతులు వెనక్కి లెక్కపెట్టుకుంది. "మూడో తరగతి సార్. భాగహారం కాడ."

నలభై రోజుల్లో ఏడు తరగతులు. నేను రోజులు మళ్ళీ లెక్కేసుకున్నాను. సార్ మాత్రం తెల్లకాగితం తీసి పన్నెండు సున్నాలు చుట్టారు.

"ఇయ్యి మీ అంగన్‌వాడీ గుడ్లు. పిల్లలు ముగ్గురొచ్చారు. ఎట్టా పంచుతావు?"

"మనిషికి నాలుగు గుడ్లు పెడితే మా సూపర్‌వైజర్ ఊరుకోదు సార్."

"ఆమె సంగతి నే చూసుకుంటా. నాలుగని ఎట్టా తెలిసింది? నువ్వు చెప్పు, నే వింటా."

సాబిరా చెప్పడం మొదలుపెట్టింది. సార్ విన్నారు. ఆయన వినడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ట్రయల్ ఫారం మీద పాస్ అని రాసి ఆయన ముందు పెట్టాను. అటు చూడనైనా చూడలేదు.

"ఒకళ్ళకొకళ్ళు అన్నావు గదా, ఇంకా ఇక్కడేం పనే నీకు? బయటికి నడువ్. నీ మూడేళ్ళ సంగతి రేపు సాయంత్రం చూద్దాం. ఎక్కణ్ణించి పోయిందో ఆలోచించుకుని రా."

తలుపు దగ్గరికి వేసి మెట్ల మీద కూర్చుని ఆలోచించాను. ఆరో తరగతి అనిపించింది. నిజం చెప్పాలంటే, ఐదు.