తలుపు వెనక వినేవాడు

ఎసరు పెట్టే ముందు చాటలోంచి పిడికెడు బియ్యం తీసి మట్టికుండలో వేయడం సువార్తమ్మకు తల్లి నేర్పిన అలవాటు. బోధన్ సంఘంలో క్రైస్తవ ఆడవాళ్ళందరూ చేసేదే. పూటకో పిడికెడు, పిడికెడుకో ప్రార్థన. కోత పండుగనాడు ఆ కుండలన్నీ చర్చికి చేరతాయి. ఆ శనివారం కూడా ఆమె చెయ్యి కుండలోకి వెళ్ళింది గానీ పెదవులు కదల్లేదు. తలుపు వెనక భర్త నర్సన్న నిలబడి ఉన్నాడని ఆమెకు తెలుసు.

"నోటికి తాళమేసినవా? జర నీ ప్రార్థన గునుగు, ఇంటున్న," అన్నాడతను. "రేపు నిజామాబాద్ నుంచి పాస్టరు పెద్దయ్యగారు వస్తుండు. నన్నే ప్రార్థన చెయ్యమంటడు. సంఘపెద్దను ఎన్నుకునేది గూడ రేపే."

నర్సన్న చక్కెర ఫ్యాక్టరీలో సీజను కూలీ. చెరకు ఆడినన్నాళ్ళే పని, మిగతా కాలమంతా ప్రార్థన. ఎవరింట్లో జ్వరమొచ్చినా, సంబంధం కుదిరినా అతన్నే పిలుస్తారు. అతను కళ్ళు మూసుకుని పలికితే రాయి కూడా కరుగుతుందని పేరు. ఆ మాటలు పొద్దున పొయ్యి ముందు అతని భార్య దేవుడితో చెప్పుకున్నవని ఎవరికీ తెలియదు. అత్త నాగవ్వకు తెలుసు. ఒకసారి ఉండబట్టలేక సువార్తమ్మ చెప్పుకుంటే ఆమె బీడీ చుట్టడం ఆపకుండానే తేల్చేసింది. "కాలువ నీళ్ళు ఎవ్వలి పొలంల పారితే వాళ్ళయే. మొగనికి పేరొస్తే నీకు రానట్టా?" వచ్చింది మరి, దైవజనుడి పెళ్ళాం అన్న పేరు. ఆ పేరుతో అంట్లు తోముకుంది, అతని తెల్లచొక్కాకు నీలిమందు పెట్టింది, ప్రార్థనకు వచ్చినవాళ్ళందరికీ చాయ్ కాచింది. వాళ్ళు పొగిడినప్పుడల్లా తల వంచుకుంది.

చెల్లెలు భీమవ్వ వర్నిలో అత్తగారింట చూలాలుగా ఉన్న తొమ్మిది నెలలూ ప్రతి పిడికెడూ ఆమె పేరు మీదే పడింది. తండ్రీ, అది పిరికిది, నొప్పులప్పుడు దాని చెయ్యి నువ్వే పట్టుకో, నా చెయ్యి అంత దూరం అందది అని సువార్తమ్మ గొణుక్కునేది. ఆదివారం ఆ మాటలే, పొల్లుపోకుండా, నర్సన్న గొంతులో చర్చిలో మోగాయి. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఎవరో తన ట్రంకుపెట్టె తెరిచి బట్టలు వీధిలో ఆరేసినట్టయింది ఆమెకు. కాన్పులో భీమవ్వ పోయింది. బిడ్డా దక్కలేదు. దేవుడు వినలేదా? విని ఊరుకున్నాడా? మొగుడి నోట ఎంగిలైన ప్రార్థన అని ముట్టలేదా? అసలు వినేవాడే లేడా? ఆ ఆలోచన వచ్చిన రోజు ఆమె పిడికెడు తీసి ఏమీ అనకుండా కుండలో వేసింది. అప్పటి నుంచి నోరు మూతబడింది. నమ్మకమే లేనప్పుడు ఈ బియ్యం ఎవరికని తనను తానే అడిగేది. పిడికెడు మాత్రం ఒక్క పూట తప్పలేదు.

ఆదివారం కోత పండుగకు చర్చి కిక్కిరిసింది. కుండలన్నీ ముందు వరసగా పెట్టారు. ఆడవాళ్ళు కూడబెట్టిన బియ్యం మీద మగవాడే ప్రార్థన చేయడం అక్కడి ఆనవాయితీ. పెద్దయ్యగారు నర్సన్నకు సైగ చేశారు.

"ప్రేమగల తండ్రీ," అన్నాడు నర్సన్న. ఆగాడు. "మహోన్నతుడా... ప్రేమగల తండ్రీ..." మళ్ళీ ఆగాడు. సువార్తమ్మ కళ్ళు తెరిచి చూసింది. అతని మెడ మీద చెమట కారుతోంది. కొత్త సరుకు లేక ఇన్నాళ్ళూ పాతదే తిప్పితిప్పి నెట్టుకొచ్చాడు, ఇప్పుడు అదీ తట్టక వెతుక్కుంటున్నాడు. చివరికి అతని నోటికి తెలిసిన దారి దొరికింది, ఇక ఆగలేదు. "తండ్రీ, మా భీమవ్వ పిరికిది. నొప్పులప్పుడు దాని చెయ్యి నువ్వే పట్టుకో..."

"ఆమెన్," అన్నారు జనం అలవాటు కొద్దీ. ఏం పలికాడో అతనికింకా తెలియలేదు.

సువార్తమ్మ లేచి నిలబడింది. "ఆమెన్ అనకుండ్రి. నా చెల్లె సచ్చిపోయి ఏడు నెలలైంది."

"కూసో," అని నర్సన్న పళ్ళ మధ్య నుంచి అన్నాడు. ఆమె కూర్చోలేదు. కళ్ళు కూడా మూసుకోలేదు.

"దేవా, గా మాట నేనే అడిగిన, తొమ్మిది నెలలు అడిగిన. నువ్వు ఇయ్యలే. నువ్వు ఉన్నవో లేవో నాకెర్క లేదు. నీ మీద కోపంగున్న. అయినా గీ కుండల బియ్యం ఏయకుంట ఉండలేకపోయిన. ఎందుకో గది గూడ ఎర్క లేదు. ఉంటే ఇను."

అంతే. ముందు వరసలోంచి ముసలి లింగవ్వ మెల్లగా "ఆమెన్" అంది. సంఘపెద్ద ఎన్నిక మరో ఆదివారానికి వాయిదా పడింది.

ఇంటికొచ్చాక నర్సన్న అన్నం పళ్ళెం నెట్టేశాడు. నాగవ్వ శాపనార్థాలు పెట్టింది. సువార్తమ్మ భయపడింది. కానీ తెల్లారి ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం తీసి, ఏడు నెలల తర్వాత పొయ్యి ముందు నోరు తెరిచింది. ఇంట్లో అందరికీ వినబడేలా. "దేవా, ఇయ్యాల గూడ కోపం తగ్గలే. నమ్మకం గూడ రాలే. అయినా వచ్చిన."

తలుపు వెనక నుంచి నర్సన్న గొంతు వినబడింది. "గసొంటి ప్రార్థన నేనేడ పలుకుత?"

సువార్తమ్మ బియ్యం కడుగుతూ అంది: "ఏడ పలకకు. గిది నాది."