రత్తమ్మ వాకిట్లో బంగార్రాజు నీడ

కొండ మీద దుర్గమ్మకి తొలి హారతి ఇచ్చే వేళకి, బందరు నుంచి అన్న పంపే చేపలగంప మొదటి బస్సు మీంచి దిగేది. రత్తమ్మ అమ్మవారికి ఒక దణ్ణం పెట్టి, గంప నెత్తికెత్తుకుని గుణదల దారి పట్టేది. మేరీమాత కొండకి తిరిగే మలుపులో గోనెపట్టా పరుచుకుని, ఆ తల్లికీ ఒక దణ్ణం పెట్టి, అప్పుడు చేపల మీద నీళ్ళు చల్లేది. ఏ తల్లి ముందుగా వింటుందో మనకేం తెలుసు చెప్పండి. ఇద్దరికీ చెప్పుకోవడంలో తప్పు లేదు.

ఎండ ఎక్కేసరికి ఆమె పక్కన రెండు నీడలు పడేవి. ఒకటి ఆమెది. రెండోది ఆమె మొగుడు బంగార్రాజుది.

బంగార్రాజు వెళ్ళిపోయింది డెబ్భై మూడులో. కాకినాడలో మరబోటు మీద పని దొరికిందన్నాడు. పనికంటే ముందే అక్కడో మనిషి దొరికిందని తరవాత తెలిసింది. అతను గడప దాటింది మిట్టమధ్యాహ్నం. ఆ వేళప్పుడు నీడ కాళ్ళ కింద ముద్దగా పడి ఉంటుంది కదా. బస్సు పోతుందని పరిగెత్తాడేమో, అది గడప దగ్గరే ఉండిపోయింది. సాయంత్రానికి పొడుగ్గా సాగి, అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి రత్తమ్మ ఎటు పోతే అది అటు.

పేటలో ఎవరూ దాన్నో వింతగా చూడలేదు. పక్కింటి శౌరమ్మ మాత్రం, "మీ ఆయన నీడని కాస్త అటు జరగమనవే రత్తమ్మా, నా అప్పడాలు ఎండి చావట్లేదు" అని కేకేసేది. చెబితే జరిగేది పాపం. మనిషికి లేని బుద్ధి నీడకుంది. వేసవిలో అడక్కుండానే రత్తమ్మకి ఎడమపక్కన నిలబడి ఎండకి అడ్డు కాసేది. ఇంట్లో ఉన్న ప్రాణికి పెట్టకుండా తినకూడదని తల్లి నేర్పిన మాట. అందుకని రత్తమ్మ రోజూ దానికి పళ్ళెంలో రెండు ముద్దలు పెట్టేది. అన్నం అన్నంలాగే ఉండేది. అన్నం నీడ మాత్రం ఖాళీ అయ్యేది.

గంపలోకి రోజూ ఐసు ముక్కలు తెచ్చి పోసేవాడు కాశీరావు. ఐసు ఫ్యాక్టరీలో పని, భార్య పోయినవాడు, నెమ్మదస్తుడు. ఒకరోజు ఐసు పోసి వెళ్ళకుండా నిలబడి, "మనిద్దరం ఒకింట్లో ఉంటే, నాకు ఈ ఐసు మోసే దూరం తగ్గుతుంది కదండీ" అన్నాడు. రత్తమ్మకి నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో అప్పుడు గుర్తొచ్చింది.

కానీ పుస్తె కట్టినవాడు వదలందే ఇంకో పుస్తె కట్టించుకోవడానికి లేదు. వాళ్ళ కులంలో విడాకులు పెద్ద తతంగమేం కాదు. పెద్దల ముందు మొగుడు గడ్డిపరక తీసుకుని రెండుగా తుంచుతాడు. పెద్దలకి తాంబూలాలు ఇస్తే ఎవరి దారి వాళ్ళది. బంగార్రాజుకి కబురు పంపితే, "నేను తుంచను. అదలాగే పడి ఉండాలి" అని జవాబొచ్చింది. కులపెద్ద కొండలయ్య గడ్డం గోక్కున్నాడు.

"వాడి చేత్తోనే తుంచాలమ్మాయ్. మేం తుంచితే చెల్లదు. కోర్టుకెళ్ళు."

వెళ్ళింది. అసలు నరకం అక్కడ మొదలైంది.

లాయరు పూర్ణచంద్రరావు గారు మంచివారే. ఫీజు కూడా మంచిగానే అడుగుతారు, కాదనలేం, అదే ఇబ్బంది.

"చూడు రత్తమ్మా, వదిలేసి పోయినంత మాత్రాన చట్టం విడాకులివ్వదు. ముందు మీరిద్దరూ వేరుగా ఉండొచ్చని డిక్రీ ఇస్తుంది. ఆ తరవాత రెండేళ్ళు ఆగి విడాకులు అడగాలి."

"నేను వేరుగానే ఉంటున్నాను కదండీ బాబుగారూ. మళ్ళీ డిక్రీ దేనికి?"

"నువ్వు ఉంటున్నావు. ఉండొచ్చని కోర్టు చెప్పొద్దూ?"

దావా వేశారు. సమన్లు కాకినాడ వెళ్ళి, మనిషి ఇంట్లో లేడని తిరిగొచ్చాయి. మళ్ళీ వెళ్ళాయి, మళ్ళీ వచ్చాయి. ఈలోగా డెబ్భై ఆరులో ఢిల్లీలో చట్టమే మారింది. వదిలేసి రెండేళ్ళయితే ఇక నేరుగా విడాకులే అడగొచ్చట. రత్తమ్మ కొండెక్కి కొబ్బరికాయ కొట్టొచ్చింది. ప్రసాదం నోట్లో వేసుకుంటూ లాయరు గారు, "మంచిదే, కానీ పిటిషన్ మళ్ళీ మొదట్నించీ రాయాలి" అన్నారు.

కోర్టు స్టాంపులకి పోయేది చేప మీద పొలుసంత. మిగతా చేపంతా వేరే చోట్ల పోయేది. టైపుకి, గుమాస్తాకి, సమన్ల బత్తాకి, పామర్రు మీదుగా వచ్చే సాక్షుల బస్సు చార్జీలకి, వచ్చిన సాక్షుల భోజనాలకి. వాయిదా ఉన్న రోజున బేరం కూడా ఉండేది కాదు. కేసు వాయిదా వేస్తే ఆగుతుంది గానీ చేప ఆగదు కదా.

బంగార్రాజు ఒక్కసారీ రాలేదు. అతని తరఫున అచ్యుతరామారావు గారు వచ్చేవారు, చేతిలో లావుపాటి పుస్తకంతో.

"యువరానర్, నా క్లయింటు భార్యని వదిలేశాడని ఎలా అంటారు? ఆయన నీడ అదిగో, ఆవిడ పక్కనే ఉంది. నీడంటే సాక్షాత్తూ మనిషే. నీడ ఉన్నచోట మనిషి కాపురం ఉన్నట్టే. ఈ మాట మా జవాబులో రాతపూర్వకంగా ఇచ్చుకున్నాం."

జడ్జి గారు కళ్ళజోడు సర్దుకుని చూశారు. ఉంది. రాసుకున్నారు.

పై వాయిదాకి అచ్యుతరామారావు గారు రత్తమ్మని బోనులో నిలబెట్టారు.

"ఆ నీడకి రోజూ అన్నం పెడతావా?"

"పెడతానండి."

"ఎండలో నీకు అడ్డు నిలబడుతుందా?"

"నిలబడుతుందండి. అబద్ధం ఎందుకు."

"అంటే మొగుడు తప్పేదైనా చేసినా, నువ్వు క్షమించి కాపురం సాగిస్తున్నట్టే."

బయటికొచ్చాక పూర్ణచంద్రరావు గారు నుదురు కొట్టుకున్నారు. "ఎవరు పెట్టమన్నారు నిన్ను అన్నం? క్షమించినవాళ్ళకి చట్టంలో విడాకులు లేవు."

"క్షమించలేదండీ. ఆకలి తీర్చాను."

"ఆ తేడా చట్టానికి తెలీదు."

ఆ పూట రత్తమ్మ కోపంతో పళ్ళెం పెట్టలేదు. నీడ గోడకి ఆనుకుని, తల వంచుకుని కూర్చుంది. రత్తమ్మ కాసేపు అటూ ఇటూ తిరిగి, గిన్నెలు చప్పుడు చేసి, చివరికి "నీ పాడుగాను, తిను" అంటూ పెట్టింది. మాగాయ ముక్క కూడా వేసింది.

మర్నాడు కాశీరావు ఐసు తెచ్చి పొయ్యకుండా నిలబడ్డాడు. "మా అమ్మ ఉగాది దాకా చూస్తానంటోందండి. ఆ తరవాత మా మేనత్త కూతుర్ని చేసుకోమంటోంది." వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారిపోతున్నా అతను చూసుకోలేదు. కోర్టుకి ఉగాది తెలుసా?

పూర్ణచంద్రరావు గారు చివరి దారి ఒకటి తీశారు. కులాచారం ప్రకారం జరిగే విడాకులకి చట్టం అడ్డు చెప్పదు. అలాంటి ఆచారం ఉందని కొండలయ్య వచ్చి చెబితే, జడ్జి గారి ముందే బంగార్రాజుని తుంచమని అడగొచ్చు. ఈసారి బంగార్రాజు స్వయంగా రాకపోతే కుదరదని జడ్జి గారు గట్టిగా ఉత్తర్వు వేశారు.

వచ్చాడు. టెర్లిన్ చొక్కా, దువ్విన మీసం, కాళ్ళ దగ్గర నీడ లేదు. రత్తమ్మ వైపు చూసి, వేళాకోళంగా నవ్వాడు.

కేసు పిలిచేసరికి పొద్దు వాలింది. పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా గోడ మీద పడుతోంది. కొండలయ్య బోనెక్కి, తువ్వాలు ముడి విప్పి, గడ్డిపరక తీసి చూపించాడు.

"ఇదేనండి అయ్యగారూ. మొగుడనేవాడు ఈ కొసా, ఆ కొసా పట్టుకుని పెద్దల ముందు తుంచాలి. తుంచితే తెగిపోయినట్టే. మా తాతల నాటి నుంచీ ఇదే."

జడ్జి గారు విసిగిపోయి ఉన్నారు. "ఏమయ్యా బంగార్రాజూ, తుంచుతావా?"

"చచ్చినా తుంచనండి." చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు.

రత్తమ్మ కళ్ళు మూసుకుంది. అమ్మా, ఇంక నా వల్ల కాదు అనుకుంది. కళ్ళు తెరిచేసరికి పక్కన నీడ లేదు.

అది గోడ మీద నడుస్తోంది. కొండలయ్య నీడ దగ్గరికి వెళ్ళి ఆగింది. అతని నీడ చేతిలో పరక నీడ నిటారుగా ఉంది. బంగార్రాజు నీడ ఒకసారి రత్తమ్మ వైపు తల తిప్పింది. తరవాత రెండు చేతులా పరక నీడని పట్టుకుని తుంచింది.

చప్పుడేం లేదు. కొండలయ్య చేతిలో పరక రెండు ముక్కలై, ఒక ముక్క బెంచి గుమాస్తా కాగితాల మీద పడింది.

"అబ్జెక్షన్, యువరానర్. తుంచింది నా క్లయింటు కాదు, ఒట్టి నీడ" అన్నారు అచ్యుతరామారావు గారు లేచి.

జడ్జి గారు ఫైలు వెనక్కి తిప్పి, తీరిగ్గా వెతికి, ఒకచోట వేలు పెట్టారు. "నీడంటే సాక్షాత్తూ మనిషే అని మీరే రాసిచ్చారు కదండీ. మీ సంతకమే ఇది. కూర్చోండి." గుమాస్తా వైపు తిరిగి, "పెద్దల ముందు భర్త పరక తుంచాడు. రాసుకో" అన్నారు.

గేటు దగ్గర నీడ బంగార్రాజు కాళ్ళకి అంటుకుంది. ఇన్నాళ్ళలో నీడని మోసే అలవాటు తప్పిందేమో, తడిసిన వల ఈడుస్తున్నట్టు అడుగులు బరువుగా వేస్తున్నాడు. నీడ మాత్రం తల వెనక్కి తిప్పి చూసింది.

"వెళ్ళు. ఆకలేస్తే అడిగి పెట్టించుకో, మొహమాటపడకు" అంది రత్తమ్మ.

మర్నాడు గుణదల మలుపులో ఎప్పట్లాగే గంప దించింది. ఉగాది ఇంకా రాలేదు. ఎండ ఎక్కింది. ఎడమ చెంప చుర్రుమంది. కాశీరావు ఐసు పోసి, అది చూసి, వచ్చి ఎండకి అడ్డంగా నిలబడ్డాడు.

రత్తమ్మ తలెత్తింది.

"కాస్త అటు జరగండి. ఇవాళొక్క రోజు తగలనివ్వండి."