మత్యాకూబ్ పార

అక్టోబరు 14, మంగళవారం ఉదయం ఎనిమిదింటికి మత్యాకూబ్ తన ద్రాక్షతీగలను మట్టిలో పూడ్చడం మొదలుపెట్టాడు. ఆ మధ్యాహ్నం ఖీవా ఊళ్లో ఎండ ముప్పై ఒక్క డిగ్రీలు.

శీతాకాలపు మంచు తగలకుండా ఆ వీధిలో తీగలు పూడ్చేది నవంబరు మొదటి వారంలో. ముందే పూడిస్తే వెచ్చటి మట్టిలో తీగ ఆవిరిపట్టి కుళ్ళుతుంది. ఆలస్యమైతే మంచుకు మాడిపోతుంది. మత్యాకూబ్ పార పట్టిన రోజే వీధంతా పార పట్టడం ఇరవై ఏళ్లుగా అలవాటు.

అతని పక్కింటి అనాబీబీకి పదకొండు తీగలున్నాయి. భర్త చనిపోయిన ఏడాది నాటినవి. కాయకు తీపి పట్టడానికి ఇంకా మూడు వారాలు కావాలి. ఆ కాయే ఆమెకు శీతాకాలపు తిండి. ఇప్పుడు పూడిస్తే పంట పోతుంది, ఆగితే మంచుకు తీగలే పోవచ్చు.

ఆమె గోడ మీంచి అడిగింది. "ఏమయ్యా మత్యాకూబ్, చలి నీ ఒక్కడికే వేస్తోందా?"

"చేతులు ఊరుకోవడం లేదు వదినా."

"చొక్కా పిండితే చెంబెడు నీళ్లొస్తాయి. ఊరుకోలేక చేసే పనా ఇది?"

అతను నవ్వి, కుడి డొక్క మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. పది పారల మట్టి వేసి మళ్ళీ కూర్చున్నాడు. వీధిలోకి చూస్తూ కూర్చున్నాడని అనాబీబీ తన కోడలు ఇంతిజార్‌తో చెప్పింది.

బుధవారానికి మరో నాలుగిళ్ళలో పారలు లేచాయి. ఎదురింటి రోజ్మత్ పుల్లటి గెలలు కోసి బుట్టలో పడేస్తూ అన్నాడు. "అతని మేనల్లుడు ఉర్గెంచ్ పట్నంలో వాతావరణం ఆఫీసులో ఉన్నాడుగా. ఏదో చెప్పే ఉంటాడు."

"వాడక్కడ కారు నడుపుతాడు," అంది అనాబీబీ.

"కారు నడిపేవాడికే అన్నీ తెలుస్తాయి అక్కా. పెద్దవాళ్లు మాట్లాడుకునేది వెనక సీట్లోనేగా."

ఇంతిజార్‌కు వేరే అనుమానం. "మన చేత పచ్చికాయ కోయించి, బజార్లో తనొక్కడే అమ్ముకోవాలనేమో అత్తా."

"తన కాయ ఆవుకు పెట్టాడే పిల్లా. నేను చూశాను."

"అయితే ఆ మట్టి కింద ఉన్నవి తీగలేనంటావా?"

గురువారం ఆ ఆవు కూడా కనిపించలేదు. మత్యాకూబ్ బావమరిది దొడ్లో కట్టేసి ఉందని ఇంతిజార్ చూసి వచ్చింది. అనాబీబీ కత్తి నూరింది. గెలల దగ్గరికి రెండుసార్లు వెళ్లి కోయకుండా వచ్చింది.

శుక్రవారం మధ్యాహ్నం మత్యాకూబ్ మసీదుకు వెళ్ళాడు. అతని భార్య షరాఫత్ రొట్టెలు కాలుస్తోంది. అనాబీబీ వెనక తలుపు నుంచి వచ్చి, తీగల మీద పోసిన చివరి మట్టికట్ట చేత్తో తవ్వింది. మట్టి వేడిగా ఉంది. లోపల తీగే ఉంది. తీగకు ఆకులున్నాయి. ఆకు దూయనిదే ఎవరూ పూడ్చరు.

"మా ఇంట దొంగ పడింది," అన్నాడు మత్యాకూబ్ వెనక నుంచి.

"ఆకు దూయలేదేం?"

"వంగలేకపోయాను."

"ఎందుకు?"

అతను తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "సోమవారం ఉర్గెంచ్ ఆస్పత్రిలో నా కడుపు కోస్తారు. ఎన్నాళ్లు ఉంచుతారో చెప్పలేదు. షరాఫత్ ఒక్కతే ఇన్ని తీగలు పూడ్చలేదు. తనకింకా చెప్పలేదు వదినా."

"నీ పార చూసి నాలుగిళ్ళు పంట కోసుకున్నాయి."

"నన్నెవరూ అడగలేదు."

"నేనడిగాను."

"నువ్వు చలి సంగతి అడిగావు."

ఆ సాయంత్రం అనాబీబీ నాలుగిళ్ళకూ వెళ్లి, మంచు కబురేమీ లేదనీ కట్టలు విప్పమనీ చెప్పింది. అతను ఎందుకు పూడ్చాడో చెప్పలేదు. మూడిళ్ళవాళ్లు విప్పారు.

"ఇప్పుడు నీకెవరు చెప్పారు? ఆ కారువాడేనా?" అన్నాడు రోజ్మత్. "నీ కాయ ఇంకా తీగ మీదే ఉందిగా. మావి మంచుకు మాడిస్తే నీకేం వస్తుంది?"

అతను విప్పలేదు.

మత్యాకూబ్ ఆదివారం భార్యకు చెప్పాడు. సోమవారం ఉదయం ఆరున్నర బస్సుకు ఇద్దరూ ఉర్గెంచ్ వెళ్ళారు. అదే రోజు అనాబీబీ, ఇంతిజార్ అతని ఇరవై ఆరు తీగలూ విప్పి, ఆకు దూసి ఆరబెట్టారు.

నవంబరు 6న అనాబీబీ తన గెలలు కోసింది. 7, 8 తేదీల్లో రెండు ఇళ్ళ తీగలూ పూడ్చారు. 9 ఉదయం మైనస్ అయిదు డిగ్రీలు. ఆ రోజు వరకూ రోజ్మత్ కట్టలు విప్పలేదు. మత్యాకూబ్ ఆస్పత్రి నుంచి ఇంకా రాలేదు.