ఆపరేటరమ్మ పేజీ

ఇరవై రెండేళ్లుగా ఆ ఆసుపత్రిలో ఫోన్లు కలుపుతున్న ఆవిడను అందరూ ఆపరేటరమ్మ అనే పిలిచేవారు. చిన్న క్లినిక్కుల నుంచి రోజంతా ఒకటే ప్రశ్న: "మంచం ఖాళీ ఉందా?" ఆవిడ వార్డు వార్డుకూ ఫోన్ చేసి కనుక్కునేలోగా అవతల అంబులెన్సు కదలకుండా ఉండేది. ఒకసారి అలా ఆగిన బండిలోని మనిషి దక్కలేదు. ఆ తర్వాత చాలారోజులు ఆవిడకు అన్నం సయించలేదు.

తమ్ముడి భార్యది ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. ఏడాదిపాటు ఆదివారాలు ఆమె పక్కన కూర్చుని, నలభై ఎనిమిదేళ్ల వయసులో ఆపరేటరమ్మ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంది. నర్సులు నొక్కగానే ఏ వార్డులో ఏ మంచం ఖాళీ అయిందో చూపించే పేజీ తయారుచేసింది.

ఇక దాన్ని ఆసుపత్రి సర్వర్ మీద నిలబెట్టాలి. సిస్టమ్స్ ఆఫీసరు చెడ్డవాడు కాదు గానీ, నీడను చూసినా జడిసే రకం.

"ఒంటిగంట దాకా చూస్తానమ్మా. అప్పటికీ నడవకపోతే తీసేస్తాను" అన్నాడు.

ఆవిడ పదింటికి ఆయన గదిలో కూర్చుంది. ప్రోగ్రాము నడిచింది కానీ, తాను విండో మూయగానే ఆగిపోయింది. ఎవరూ కనిపెట్టుకుని ఉండకపోయినా నడిచేలా దాన్ని సర్వీసుగా మార్చింది. బయటి నుంచి వచ్చేవాళ్లను దానికి కలపమని ముందుండే వెబ్ సర్వర్‌కు చెప్పింది. పేజీ తెరిచింది. తెర మీద 502 అని పడింది.

"వెబ్ సర్వర్ పిలిచింది, లోపలిది పలకలేదు. నేను మొత్తుకుంటూనే ఉన్నాగా!" అన్నాడు ఆఫీసరు.

ఆవిడ మరదలికి ఫోన్ చేసింది.

"వదినా, కంగారుపడకు. వెబ్ సర్వర్ తన తప్పులు రాసుకునే లాగ్‌లో చివరి లైను చదువు."

"పర్మిషన్ డినైడ్ అంటోందే."

"అయితే దారి ఎక్కడ మూసుకుందో చూడు. నన్ను మీటింగుకి పిలుస్తున్నారు, నువ్వు చెయ్యగలవు" అని పెట్టేసింది.

ఆపరేటరమ్మ గోడ గడియారం చూసింది. పన్నెండున్నర అయింది.

"అన్ని ఫోల్డర్లకీ అందరికీ అనుమతి ఇచ్చేయండమ్మా, గొడవ వదిలిపోతుంది" అన్నాడు ఆఫీసరు.

"ఈ సర్వర్లో రోగుల వివరాలున్నాయి సార్. దొంగ చేతికి తాళంచెవి ఇచ్చినట్టవుతుంది" అంటూ ఆవిడ ఒక్కో ఫోల్డరూ చూసుకుంటూ పోయింది. వెబ్ సర్వరూ ప్రోగ్రామూ మాట్లాడుకునే సాకెట్ ఫైలు ఎక్కడుందో చూసి నుదురు కొట్టుకుంది. అది తన సొంత ఫోల్డర్లో ఉంది. అందులోకి తనకు తప్ప ఇంకెవరికీ ప్రవేశం లేదు!

"వీధి తలుపుకి తాళమేసి చుట్టాలు రాలేదని ఏడుస్తున్నా సార్!"

సాకెట్‌ను ఇద్దరికీ అందే చోటికి మార్చింది. దాని వరకు మాత్రమే వెబ్ సర్వర్‌కు అనుమతి ఇచ్చింది. ఒంటిగంటకు ఐదు నిమిషాలుండగా సర్వీసును మళ్లీ మొదలుపెట్టి పేజీ తెరిచింది.

వార్డులన్నీ వరసగా వచ్చి కూర్చున్నాయి.

ఆఫీసరు కళ్లజోడు సర్దుకున్నాడు. "బాగానే ఉంది. మరి కరెంటు పోయి సర్వర్ ఆగి లేస్తే?"

"ఇప్పుడే ఆపి చూడండి సార్" అంది.

సర్వర్ ఆగింది, మళ్లీ లేచింది. ఆవిడ కీబోర్డు ముట్టుకోలేదు. ఆఫీసరే పేజీ తెరిచాడు. వార్డులన్నీ ఉన్నాయి. వాళ్లు చూస్తుండగానే మూడో అంతస్తు నర్సు ఎవరో నొక్కినట్టున్నారు, పదకొండో మంచం పక్కన 'ఖాళీ' అని వచ్చింది.

పేజీ అడ్రసును ఆవిడ అన్ని క్లినిక్కులకూ పంపింది. నాలుగింటికి ఫోన్ మోగింది.

"అమ్మా, పదకొండో మంచం చూశాం. మీకు చెప్పి బయల్దేరదామని చేశాం, వచ్చేస్తున్నాం!"

ఆవిడ ఫోన్ పెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఎవరూ లేని తన ఫోన్ల గదిలో పైకే నవ్వింది.

కాసేపటికి ఆఫీసరు వచ్చి, తలుపు దగ్గర నసుగుతూ నిలబడ్డాడు. "అమ్మా, ఎక్స్‌రే వాళ్లు కూడా ఇలాంటిదే కావాలంటున్నారు. ఎలా చేశారో నాకూ కాస్త చూపిస్తారా?"

"కుర్చీ ఇలా లాక్కోండి సార్" అంది ఆపరేటరమ్మ.