ఓబుళేశు వదిలేసిన వాక్యం

బనగానపల్లెలో ఓబుళేశు తన ఆటోను ఏనాడూ మెకానిక్ షెడ్డుకు తోలలేదు. అతని దగ్గర తెలుగులో అచ్చైన రిపేరు పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని ముందర పెట్టుకుని క్లచ్చు, బ్రేకు, ఇంజను ఇంటి ముందరే విప్పి బిగించుకునేవాడు. ఒకరోజు నాపరాళ్ళ లారీ వెనకనుంచి గుద్దింది. ఆటోకు సొట్టలే పడ్డాయి. అతని వెన్నెముక విరిగింది. నడుము కింద స్పర్శ పోయింది.

ఆటోను పక్క వీధి అన్సార్ బాడుగకు తిప్పసాగాడు. చెడిపోతే బాగుచేసే పని భార్య హనుమంతమ్మ మీద పడింది. ఆమెకు అక్షరం ముక్క రాదు. మంచాన్ని వాకిలి దగ్గరికి లాగితే ఓబుళేశు పుస్తకం చదివేవాడు, ఆమె ఆటో కింద దూరి చేసేది. తప్పు చేస్తే తిట్టేవాడు. సరిగ్గా చేస్తే ఇంకా ఎక్కువ తిట్టేవాడు.

ఏడాది తిరిగేసరికి ఆమె చప్పుడు విని జబ్బు చెప్పేంత పనిమంతురాలైంది. అన్సార్ తోటి డ్రైవర్ల ఆటోలు కూడా తోలుకొచ్చాడు.

"షెడ్డోళ్ళు ఈడికొచ్చి నేర్చుకోవల్ల అక్కా," అన్నాడు.

"సదివేది నేనప్పా," అన్నాడు ఓబుళేశు మంచం మీదనుంచి.

అన్సార్ నవ్వి, తన ఆటో సంగతి ఆమెనే అడిగాడు.

ఆ వారంలోనే మొదటిసారి ముందు చక్రం షాక్ అబ్జార్బర్ మార్చాల్సి వచ్చింది. దాని చుట్టూ గట్టి స్ప్రింగు ఉంటుంది. పైన ఉన్న నట్టే దాన్ని అణచి పట్టుకుంటుంది. ఓబుళేశు చెప్పినట్టే ఆమె చక్రం తీసింది, షాక్‌ను ఊడదీసి ఒడిలో పెట్టుకుంది.

"ఇంగ పైన నట్టు ఇప్పు."

"అంతేనా?"

"అంతే. ఇప్పు."

పానా రెండు చుట్లు తిరిగిందో లేదో స్ప్రింగు ఎగిరి మొహానికి తగిలింది. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. కుడి కన్ను పోయింది.

కడపలో డిగ్రీ చదివే కూతురు సాహితి వచ్చి తల్లిని ఇంటికి తెచ్చింది. హనుమంతమ్మ పుస్తకం ఆమె చేతికిచ్చి, షాక్ బొమ్మ ఉన్న పుట తీసి చదవమంది. మధ్యలో ఎర్ర గడి, అందులో పెద్ద అక్షరాలు: "స్ప్రింగును పనిముట్టుతో అణచి బిగించకుండా నట్టు విప్పరాదు. ప్రాణాపాయం."

"మళ్ళా సదువు," అంది.

సాహితి మళ్ళీ చదివింది. హనుమంతమ్మ లేచి మంచం దగ్గరికి వెళ్ళింది.

"ఎర్ర అచ్చు కనపళ్ళేదా నీకు?"

"కనపడింది."

"మరి?"

ఓబుళేశు ఇంటికప్పు వైపు చూశాడు. "అందరూ నిన్నే అడుగుతాండారు. నన్నెవుడన్నా అడిగినాడా? యాదో ఏలు నలుగుతాది, మళ్ళా నా మాట ఇంటావనుకుంటి. కన్ను పోతాదనుకోలా."

"పోలీస్ స్టేషన్‌కు పోదాం పా అమ్మా," అని ఏడ్చింది సాహితి.

"యాడికీ వద్దు. నాకు అచ్చరాలు నేర్పు."

సెలవు దొరికినప్పుడల్లా సాహితి వచ్చి ఆ పుస్తకంతోనే నేర్పింది. హనుమంతమ్మ మంచాన్ని వెనక గదిలోకి లాగించింది. వేళకు అన్నం పెట్టింది. ఒళ్ళు తుడిచింది. పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పింది. మాట మాత్రం ఆడలేదు. ముంగిట్లో సుత్తి చప్పుడు వినపడితే లోపలినుంచి అతను అరిచేవాడు.

"మే! వాషరు ముందర ఏయల్ల!"

అతను చెప్పింది నిజమే. అయినా ఆమె అప్పటికే వేసిన వాషరు తీసి, పుస్తకంలో ఆ వాక్యం తానే కూడబలుక్కుని చదివి, అప్పుడు వేసేది.

రెండేళ్ళకు ఒక మధ్యాహ్నం వీపు తుడుస్తుంటే అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"తిట్టు మే. ఒక్క మాటన్నా తిట్టు."

ఆమె చెయ్యి విడిపించుకుని, అతన్ని గోడవైపు తిప్పి పడుకోబెట్టి, గుడ్డ పిండుకుని బయటికి వచ్చింది. అన్సార్ బ్రేకు పని మీద వచ్చి కూర్చున్నాడు. లోపల ఏడుపు వినిపిస్తోంది.

"అన్నకు బాగలేదా అక్కా?"

"తింటాండాడు," అని, హనుమంతమ్మ జాకీ తేవడానికి వెళ్ళింది.