పీనుగ వేషం

లచ్చన్న మిట్టమధ్యాహ్నం ఇనుప చువ్వలు మోస్తూ మా కళ్లముందే కూలాడు. ఆ వేళ ఎండలో పని చేయించకూడదని ఇక్కడి గల్ఫ్ సర్కారు హుకుం. కంపెనీ కాగితంలో మాత్రం 'గదిలో, నిద్రలో చనిపోయాడు' అని రాశారు. చూసినవాళ్లం ముప్పై ఎనిమిది మందిమి. మా మౌనమే ఆ కాగితం కింద సంతకమైంది.

"నిద్రల పోయిండా తమ్మీ? నిజం జెప్పు" అని ఊరి నుంచి లచ్చన్న భార్య సాయవ్వ అడిగితే, లచ్చన్న గదిలోనే ఉండే భూమేశ్ ఫోను పెట్టేశాడు.

ముసఫాలో మా కూలీల క్యాంపు గేటు కాపలాదారు ఒకెల్లో ఉగాండావాడు. తన దేశంలో రెండు సినిమాలు తీసిన డైరెక్టరు. కరోనాలో హాళ్లు మూతపడితే, మూడో కథను పెట్టెలో పెట్టుకుని వచ్చి ఈ యూనిఫాం వేసుకున్నాడు. నవ్వులాటకు 'డైరెక్టర్ సాబ్' అనేవాళ్లం.

"సాయవ్వకో దిఖాయేంగే. యహీ మేరా తీస్రా సినిమా" అన్నాడు ఒకెల్లో, లచ్చన్న ఎలా పడ్డాడో ఫోనులో తీసి ఆమెకు చూపిద్దామని.

సెలవునాడు క్యాంపు వెనక చువ్వలు పేర్చాం. లచ్చన్న వేషం కట్టేదెవరు? అక్కడ ఆగింది.

"బతికున్నోడు పీనుగై పండుకుంటడార? పెండ్లాం పుస్తెకు కీడు" అన్నాడు దేవేందర్.

"నీకు పెండ్లే గాలేదు గదరా!"

నవ్వాం. పడుకోవడానికి మాత్రం ఎవరూ రాలేదు.

ఒకెల్లో భూమేశ్ ఫోనులో కెమెరా తెరిచి అతని చేతిలోనే పెట్టాడు. తనే చువ్వ భుజానికెత్తుకుని నాలుగడుగులు వేసి పడ్డాడు. మేం చెప్పినట్టు, అచ్చం లచ్చన్నలాగే, ఎడమ చెంప ఇసుకకానించి. భూమేశ్ 'కట్' అనడం మరిచి "అన్నా!" అని ఏడ్చాడు.

వీడియో సాయవ్వ చూసింది. ఊరంతా చూసింది. మూడోనాడు కంపెనీ పెద్ద మేనేజరు, మా ముదీర్, ఆ వీడియో పట్టుకుని దిగాడు.

"కిస్నే బనాయా?"

భూమేశ్ కదిలేలోపే ఒకెల్లో ముందుకొచ్చాడు. "ఫోన్ కిసీకా భీ హో సాబ్, సినిమా డైరెక్టర్‌కా." ఫోను ఎవరిదైనా సినిమా తనదేనన్నాడు.

"ఖలాస్" అన్నాడు ముదీర్, ఇక నీ కొలువు అయిపోయిందన్నట్టు. ఒకెల్లోను కారెక్కించారు. మళ్లీ చూసినవాళ్లం ముప్పై ఎనిమిది మందిమి.

వారం తర్వాత, అతన్ని విమానమెక్కిస్తున్నారని తెలిసిన పొద్దున, సాయవ్వ భూమేశ్‌కు ఫోను చేసింది. "ఆయన పడ్డ జాగ కండ్లార జూసిన. ఆ వేషం గట్టినాయనెవలు తమ్మీ? నా దండం జెప్పు."

ఎవరికి చెప్పాలి?

ఆ రోజు పన్నెండున్నర, ఎండలో పని ఆపాల్సిన వేళ. "యల్లా! యల్లా!" అని ఫోర్మన్ తరుముతున్నాడు. దేవేందర్ చువ్వ దించాడు. "పెండ్లిగానోన్ని, నాకేం కీడు" అని ఇసుకలో పడుకున్నాడు, ఎడమ చెంప నేలకానించి. పక్కన భూమేశ్. తర్వాత మేమందరం. ముప్పై ఎనిమిది పీనుగలం.

"ఉఠో! ఉఠో!" ఫోర్మన్ గొంతు చించుకుంటున్నాడు.

కట్ చెప్పాల్సినవాడు విమానంలో ఉన్నాడు. మేం లేవలేదు.